కిట్ వేశాక మొరాయించే ఎస్‌యూ కార్బురేటర్

మా అంబాసిడర్ 1976 నాటి మార్క్ త్రీ. నాన్నగారు కొన్నది, నాకు వచ్చింది. రాజమండ్రిలో పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు కుర్రవాళ్లకు ఫిట్టింగు నేర్పినవాణ్ణి కాబట్టి, ఇంజినుకు పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బురేటర్ విప్పడం నాకొక లెక్కా అనుకున్నాను. రిటైరైన మొదటి వేసవిలో పెట్రోలు కారుతోందని దాన్ని దించి, కడిగి, పార్సిల్లో తెప్పించిన కొత్త కిట్ (జెట్, సూది, ప్యాకింగులు, వాషర్ల వంటి మార్పిడి భాగాలు) వేసి బిగించాను. అంతకుముందు కారుతూ అయినా నడిచిన బండి, ఆ తరువాత కారడంతో పాటు నడవడం కూడా మానేసింది. స్టార్ట్ అయ్యేది. చోక్ (చల్లటి ఇంజినుకు పెట్రోలు ఎక్కువ అందించే మీట) లోపలికి నెడితే దగ్గేది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం గుటక వేసి, ఆ తరువాత నల్లటి పొగతో ముందుకు గెంతేది. ధవళేశ్వరం వెళ్లి వచ్చేసరికి ప్లగ్గులు కాటుక పెట్టుకున్నట్టు ఉండేవి.

లోపం పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. సరైన వరుసలో వెతికి ఉంటే ఒక్క ఆదివారం చాలేది. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నాను. ఇది 1489 సీసీ పెట్రోలు ఇంజినూ, దాని మీద ఎస్‌యూ హెచ్‌ఎస్2 కార్బురేటరూ (ఎస్‌యూ తయారీ పేరు, హెచ్‌ఎస్2 దాని రకం) ఉన్న బండి గురించి. మీ బండికి సోలెక్స్ అనే వేరే రకం కార్బురేటర్ ఉంటే ఇగ్నిషన్, పెట్రోలు సరఫరా, గాలి లీకుల సంగతి వరకే మీకు పనికొస్తుంది.

ముందు ఈ కార్బురేటర్ స్వభావం తెలియాలి, లేకపోతే లక్షణం చూసి రోగం చెప్పలేం. ఇందులో గాలిని మూసే చోక్ పలక లేదు, యాక్సిలరేటర్ పంపు లేదు, స్లో జెట్, మెయిన్ జెట్ అని వేర్వేరు దారులు లేవు. ఒకే జెట్ (పెట్రోలు వచ్చే సన్నని గొట్టం), అందులో పైకీ కిందకీ ఆడే ఒకే సూది. ఇంజిను గాలి లాగేకొద్దీ, పైన బోర్లించిన గిన్నెలాంటి డాష్‌పాట్ లోపలి పిస్టన్ పైకి లేస్తుంది. పిస్టన్ అడుగున బిగించిన సూది మొన వైపుకు సన్నబడుతూ ఉంటుంది కాబట్టి, అది లేచినకొద్దీ జెట్‌లో సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. చోక్ లాగితే జెట్టే కిందకి దిగుతుంది. అంతే యంత్రం. దీన్ని కనిపెట్టిన స్కిన్నర్ల కుటుంబానిది చెప్పుల వ్యాపారం. మొదటి నమూనాల్లో పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేదట. కొలిమి తిత్తి చూసిన మనవాళ్లకు దీని పని తీరు ఇట్టే అర్థమవుతుంది.

ఇంత సులువైన యంత్రం కాబట్టే, చిన్న పొరపాటు కూడా ఇందులో అన్ని వేగాల దగ్గరా కనిపిస్తుంది. అక్కడే మనం తికమకపడతాం.

ఇంకో మాట. బండి నిన్నటిదాకా నడిచింది, ఈ రోజు నడవడం లేదు, మధ్యలో జరిగింది నా చేయి పడటమే. కాబట్టి ముందుగా అనుమానించాల్సింది నా చేతిని. కానీ దీనికి ఒక మినహాయింపు ఉంది. అరిగిపోయిన పాత జెట్ పెట్రోలు ఎక్కువ పోస్తూ, ఎక్కడో లోపలికి వస్తున్న దొంగ గాలిని కప్పిపుచ్చుతూ ఉండవచ్చు. జెట్ కొత్తదై కొలత ప్రకారం పోయడం మొదలుపెట్టగానే ఆ దొంగ గాలి బయటపడుతుంది. అప్పుడు తప్పు కొత్తది కాదు, కొత్తగా కనిపించిన పాతది.

కార్బురేటర్ జోలికి వెళ్లక ముందు

బానెట్ ఎత్తక ముందే ఒక నోటుపుస్తకం తీసుకోండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్ ఎలా ఉంది, ఐడ్లింగ్ నిలుస్తోందా, మెల్లగా తొక్కితే ఏమవుతోంది, గబుక్కున తొక్కితే ఏమవుతోంది, నలభై యాభై కిలోమీటర్ల వేగంలో నిలకడగా వెళ్తుంటే ఎలా ఉంది, వేడి మీద ఆపి పది నిమిషాల తరువాత స్టార్ట్ చేస్తే ఎలా ఉంది. ఈ ఆరు ప్రశ్నలకూ జవాబు రాసుకోండి. "పికప్ లేదు, మిస్సింగ్ ఉంది" అంటే మెకానిక్కుకు కూడా ఏమీ తెలియదు. నేను రాసుకున్నది మొదటి వారంలో కాదు, మూడో వారంలో. ఆ రోజే దారి దొరికింది.

మా వీధి చివర షెడ్డు మెకానిక్ నాకంటే పదేళ్లు చిన్న. నా బండి శబ్దం విని, కార్బురేటర్ వైపు కన్నెత్తి చూడకుండా, "మాస్టారూ, కార్బురేటర్ రోగాల్లో సగం డెల్కోలో ఉంటాయి" అన్నాడు. డెల్కో అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. నాకు కోపం వచ్చింది, నేను డెల్కో ముట్టుకోలేదు కదా అని. ముట్టుకున్నాను. కార్బురేటర్ నుంచి డెల్కోకు వెళ్లే సన్నని వ్యాక్యూమ్ గొట్టం విప్పాను, తిరిగి పెట్టేటప్పుడు సగమే ఎక్కించాను. అందులోంచి గాలి లోపలికి పోతోంది, టైమింగ్ ముందుకు జరగాల్సినప్పుడు జరగడం లేదు.

ఆ గొట్టాన్ని పరీక్షించడానికి పరికరం అక్కరలేదు. కార్బురేటర్ వైపు కొస విప్పి, తుడిచి, నోటితో గాలి లాగి నాలుకతో మూయండి. నాలుక పట్టుకుని ఉండిపోవాలి. రెండు క్షణాల్లో వదిలేస్తే డెల్కో పక్కనున్న డయాఫ్రమ్ చిరిగిందని అర్థం. డెల్కో మూత తీసి చూస్తే, మీరు లాగినప్పుడు లోపలి పలక కొద్దిగా తిరగడం కనిపిస్తుంది.

మిగిలినవి త్వరగా చూసేయవచ్చు. నా బండి పుస్తకం ప్రకారం డెల్కో లోపలి పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్గుల గ్యాప్ 0.64, వాల్వుల దగ్గరి టాపెట్ల సందు ఇంజిను చల్లగా ఉన్నప్పుడు 0.38. పాయింట్ల మీద ఒకవైపు గుంట, రెండోవైపు మొటిమ లేచి ఉంటే కండెన్సర్ మార్చండి. ప్లగ్ వైర్లు తీసి ఉంటే సిలిండర్లు మండే 1, 3, 4, 2 వరుస సరిచూసుకోండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని చేత్తో చూసి నిర్ధారించుకున్నాకే కార్బురేటర్ వైపు తిరగాలి.

పెట్రోలు అందుతోందా, పొంగుతోందా

ఈ ఇంజినులో గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డు, పొగ బయటికి వచ్చే మానిఫోల్డు ఒకే వైపు ఉంటాయి. కార్బురేటర్ నుంచి కారిన ప్రతి చుక్కా కింద కాలుతున్న ఇనుము మీద పడుతుంది. అందుకని పక్కన మంటలార్పే సిలిండరో, అది లేకపోతే ఇసుక బకెట్టో పెట్టుకోకుండా ఈ పని మొదలుపెట్టకండి. నీళ్లు పెట్టుకోవద్దు, పెట్రోలు నీటి మీద తేలి మంటను ఇంకా దూరం తీసుకుపోతుంది.

ఇంజిను పూర్తిగా చల్లారాక, కాయిల్ వైరు తీసేసి, కార్బురేటర్ పక్కన పెట్రోలు నిలవుండే ఫ్లోట్ చాంబర్ మూతకు వచ్చే గొట్టం ఊడదీసి ఒక సీసాలో పెట్టండి. లోపల ఒకరు కూర్చుని సెల్ఫ్ కొట్టాలి. మా మేనల్లుడిని కూర్చోబెట్టాను. వాడు "మామయ్యా, ఆపనా? ఆపనా?" అంటూనే ఉన్నాడు. పంపు కొట్టిన ప్రతిసారీ ధార గట్టిగా చిమ్మాలి. బుడగలు వస్తుంటే ట్యాంకుకూ పంపుకూ మధ్య ఎక్కడో గొట్టం గాలి పీలుస్తోంది. చుక్కలు చుక్కలుగా వస్తే ఫిల్టరో, పంపు డయాఫ్రమో చూడండి. సీసాలో పట్టిన పెట్రోలును వెలుతురుకు పట్టి చూడండి. నా సీసా అడుగున నల్లటి రేణువులు కనిపించాయి. వాటి సంగతి తరువాత చెబుతాను.

ధార బాగుంటే, చాంబర్లో తేలుతూ పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ చూడాలి. మూత మూడు స్క్రూలు తీసి తలకిందులుగా పట్టుకోండి. ఫ్లోట్ తన బరువుతో వాల్వు మీద వాలి ఉన్నప్పుడు, మూత అంచుకూ ఫ్లోట్‌కూ మధ్య ప్లాస్టిక్ ఫ్లోట్ అయితే మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల సందు ఉండాలి. డ్రిల్లు బిట్టును కొలబద్దగా అందులో జొనపండి. సందు తక్కువైతే చాంబర్లో పెట్రోలు మట్టం పెరిగి జెట్ నుంచి పొంగుతుంది, ఎక్కువైతే మట్టం తగ్గి ఇంజిను దప్పికతో ఉంటుంది. ఇనుప లీవరు ఉన్న ఫ్లోట్ అయితే దాన్ని కొద్దిగా వంచి సరిచేయవచ్చు. లీవరు కూడా ప్లాస్టిక్కే అయితే వంచడం కుదరదు, విరుగుతుంది. వాల్వు సీటు కింద పలచటి వాషరు వేసి సరిచేయాలి. కొత్త కిట్‌లో వచ్చిన వాల్వు సీటు పాతదానికంటే ఒక వెంట్రుక ఎత్తున్నా లెక్క మారిపోతుంది. "కొత్తది కదా, సరిగ్గానే ఉంటుంది" అనుకోవద్దు.

ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల పెట్రోలు గలగలమంటే అది మునుగుతుంది, పారేయండి. మూతలో ఉన్న గాలి రంధ్రం మూసుకుపోలేదని కూడా చూడండి. కొత్త ప్యాకింగ్ దానికి అడ్డంగా వచ్చే అవకాశం ఉంది.

చాంబర్ అడుగు నుంచి జెట్‌కు వెళ్లే సన్నని ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. దాని కొసన చిన్న రబ్బరు గ్లాండు. గొట్టం ఆ రబ్బరు దాటి అయిదు మిల్లీమీటర్లు బయటికి వచ్చాకే నట్టు బిగించాలి. రబ్బరుతో సమంగా ఉంచి బిగిస్తే రెండు రోజులకు కారడం మొదలవుతుంది. గట్టిగా బిగిస్తే ఆగుతుందనుకుని మరీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి జెట్‌కు పెట్రోలు అందదు.

దొంగ గాలి

అర్ధ అంగుళం రబ్బరు గొట్టం, రెండు జానల పొడవుది తీసుకోండి. ఒక కొస చెవిలో పెట్టుకోండి. ఇంజిను ఐడ్లింగ్‌లో ఉండగా రెండో కొసను కార్బురేటర్ చుట్టూ, మానిఫోల్డు కీళ్ల చుట్టూ మెల్లగా జరపండి. ఫ్యాను బెల్టుకు దూరంగా ఉండండి. మామూలు చోట ఇంజిను గుర్రు వినిపిస్తుంది. గాలి లాగుతున్న చోట పాము బుస వినిపిస్తుంది. కొందరు ఆ చోట్ల క్లీనర్ స్ప్రే కొట్టి ఇంజిను వేగం మారుతుందేమో చూస్తారు. అదీ పనిచేస్తుంది, కానీ కింద కాలే ఇనుము ఉందని ఇందాకే చెప్పాను. నాకు చెవే నమ్మకం.

చూడాల్సిన చోట్లు మూడు. కార్బురేటర్‌కూ మానిఫోల్డుకూ మధ్య వేడి ఆపే మందపాటి దిమ్మ ఉంటుంది, దానికి రెండు వైపులా ప్యాకింగ్ ఉండాలి. ఒక వైపే వేసి మరిచిపోయినవారు నాకు తెలుసు. నట్లను ఒకటి పూర్తిగా బిగించి రెండోది బిగిస్తే ఫ్లాంజి (నట్లు పట్టే అంచు) వంకరపోతుంది. ఇటు కొంచెం, అటు కొంచెం బిగించాలి. రెండోది మానిఫోల్డు, ఇంజిను హెడ్డు కలిసే చోటు. మూడోది, అందరికీ తలనొప్పి, యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే కడ్డీ, థ్రాటిల్ స్పిండిల్.

స్పిండిల్‌ను వేళ్లతో పట్టి పైకీ కిందకీ ఆడించండి. టకటకమని ఆడితే కార్బురేటర్ బాడీలో రంధ్రం అరిగి కోడిగుడ్డులా అయింది. కిట్‌లో వచ్చే ప్యాకింగులు, వాషర్లు దీన్ని బాగుచేయవు. లేత్ పని తెలిసినవారి దగ్గర రంధ్రం పెద్దది చేయించి ఇత్తడి బుష్‌లు వేయించాలి. ఈ లోపం ఉన్నంతకాలం ఐడ్లింగ్ ఒకసారి నిమిషానికి 700, ఇంకోసారి 1100 చుట్లు తిరుగుతూ మిమ్మల్ని పిచ్చివాళ్లను చేస్తుంది. మిక్చర్ (గాలి, పెట్రోలు పాళ్లు) ఎంత సరిచేసినా ఫలితం ఉండదు.

స్పిండిల్ తీసి ఉంటే లోపలి థ్రాటిల్ పలక కూడా తీసే ఉంటారు. దాని అంచు ఏటవాలుగా కోసి ఉంటుంది. తిరగేసి పెడితే పూర్తిగా మూసుకోదు, ఐడ్లింగ్ తగ్గనే తగ్గదు. స్క్రూలు వదులుగా ఉంచి, పలక మూసి, అది తనంతట తాను మధ్యకు చేరాక బిగించాలి. చీలిన మొనలున్న ఆ స్క్రూల కొసలను తిరిగి విడదీయడం మరవద్దు. ఆ స్క్రూ ఊడితే నేరుగా సిలిండర్లోకి వెళ్తుంది.

పిస్టన్ పడే చప్పుడు

ఇక్కడ తొందర పనికిరాదు. ఎస్‌యూ బాగోగులన్నీ ఒక చిన్న శబ్దంలో ఉన్నాయి.

ఎయిర్ క్లీనర్ తీసేయండి. డాష్‌పాట్ మీది నూనె మూత, దానితో వచ్చే డ్యాంపర్ కడ్డీ తీసి పక్కన పెట్టండి. జెట్ నట్టును పైకి తిప్పి జెట్‌ను పూర్తిగా పైకి చేర్చండి. ఇప్పుడు కార్బురేటర్ నోట్లో వేలు పెట్టి పిస్టన్‌ను పైదాకా ఎత్తి వదలండి. అది అడ్డం లేకుండా దిగి, కింద వంతెనకు (జెట్ ఉండే మెట్టుకు) తగిలి "టక్" మనాలి. పూజగదిలో గూటి తలుపు వేసినంత చప్పుడు చాలు. "టక్" లేకుండా మెత్తగా ఆగిపోతే సూది జెట్ గోడకు రాసుకుంటోంది, లేదా పిస్టన్ డాష్‌పాట్ గోడకు రాసుకుంటోంది.

ఏదో తేల్చుకోవడానికి జెట్‌ను కిందకి దించి మళ్లీ వదలండి. జెట్ దిగాక చప్పుడు ఇంకా స్పష్టంగా వస్తే జెట్ నడిమికి లేదు. రెండు సార్లూ మెత్తగానే ఉంటే డాష్‌పాట్ విప్పి చూడాలి. పిస్టన్, డాష్‌పాట్ జోడీగా తయారైనవి. ఇంకో కార్బురేటర్ నుంచి ఒకటి తెచ్చి వేస్తే కుదరదు. వాటి మీద ఎమరీ కాగితం రుద్దకండి. పెట్రోలు తడిపిన మెత్తటి గుడ్డ చాలు. విప్పక ముందు డాష్‌పాట్‌కూ బాడీకీ కలిపి ఒక గీత గీసుకుంటే తిరిగి అదే దిక్కున కూర్చోబెట్టవచ్చు.

జెట్‌ను నడిమికి తేవడం ఇలా. చోక్ లింకు విప్పండి. నట్టునూ, దాని స్ప్రింగునూ తీసి, స్ప్రింగు లేకుండా నట్టును తిరిగి పైదాకా ఎక్కించండి. జెట్‌ను పట్టి ఉంచే పెద్ద లాక్ నట్టును వదులు చేయండి, చేతితో తిప్పితే జెట్ కూర్చునే బేరింగు తిరిగేంత మాత్రమే. జెట్‌ను పైకి నెట్టి ఉంచి, పై నుంచి పెన్సిలుతో పిస్టన్‌ను మెల్లగా కిందకి నొక్కండి. సూదే జెట్‌ను తన చుట్టూ మధ్యకు తెచ్చుకుంటుంది. నొక్కి పట్టుకునే, లాక్ నట్టు బిగించండి. బిగించేటప్పుడు అది జరుగుతుంది, కాబట్టి మళ్లీ చప్పుడు వినండి. నాకు ఏడోసారి కుదిరింది. ఏడుసార్లు అని నిజాయితీగా రాస్తున్నాను, మీకు నాలుగోసారికి విసుగొచ్చినప్పుడు గుర్తుండాలని. స్ప్రింగుతో ఒక పక్కకు వాలి ఉండే కొత్త రకం సూది అయితే ఈ అవస్థ లేదు, దాన్ని నడిమికి తేవాల్సిన పని ఉండదు.

చివరికి డ్యాంపర్ నూనె. గబుక్కున తొక్కితే ఇంజిను గుటక వేసి ఆగుతోందంటే ముందుగా చూడాల్సింది ఇదే. తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా ఎగిరిపోకుండా ఈ నూనె నెమ్మదింపజేస్తుంది, ఆ క్షణంలో పెట్రోలు కాస్త ఎక్కువ వస్తుంది. నూనె పోసి, డ్యాంపర్ మెల్లగా దించండి. మూత ఇంకా ఆరు మిల్లీమీటర్లు పైన ఉండగానే చేతికి అడ్డు తగలాలి. 20 గ్రేడు నూనె మంచిది, దొరక్కపోతే ఇంజిన్ ఆయిలే పోయండి. కుట్టుమిషన్ నూనె మరీ పలచన. బ్రేక్ ఆయిల్ అసలు వద్దు.

సూది

నా బండికి ఇప్పటిదాకా చెప్పినవన్నీ చేశాను. గుటక పోయింది, ఐడ్లింగ్ నిలిచింది, పొగ మాత్రం పోలేదు. అప్పుడు నోటుపుస్తకం తెరిచాను. రెండు రోజుల రాత ఇలా ఉంది: ఐడ్లింగ్‌కు సరిచేస్తే రోడ్డు మీద నల్ల పొగ. రోడ్డుకు సరిచేస్తే సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది.

నట్టు ఎటు తిప్పినా ఒక చోట బాగుపడి ఇంకో చోట చెడుతుంటే తప్పు నట్టులో లేదు, సూదిలో ఉంది. నట్టు అన్ని వేగాల దగ్గరా ఒకేలా పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఏ వేగం దగ్గర ఎంత పోయాలన్నది సూది వాలు నిర్ణయిస్తుంది.

పాత సూది పౌడర్ డబ్బాలో దాచాను, అదృష్టం. సూది మెడ మీద అక్షరాలు చెక్కి ఉంటాయి. భూతద్దంతో చూస్తే పాతదాని మీద ఒక అక్షరాల జత, కిట్ సూది మీద మరొకటి. అమ్మినవారు "అంబాసిడర్‌కు సరిపోతుంది" అన్నారు. జొనపడానికి సరిపోయింది కూడా. మైక్రోమీటర్ తెచ్చి, మెడ నుంచి ఎనిమిదో వంతు అంగుళానికి ఒకసారి చొప్పున రెండింటినీ కొలిచి పక్కపక్కన రాశాను. మొదటి మూడు కొలతలూ దాదాపు ఒకటే. అందుకే ఐడ్లింగ్ మోసం చేసింది. ఆరో కొలత దగ్గర కొత్తది 0.05 మిల్లీమీటర్లు సన్నం. రోడ్డు మీద నలభై దాటగానే పొగ ఎక్కడి నుంచి వస్తోందో ఆ అంకె చెప్పింది.

పాత సూదినే తిరిగి వేయలేదు. దానికి ఒక పక్క మెరిసే గీత ఉంది, ఏళ్ల తరబడి జెట్‌కు రాసుకున్న గుర్తు. అదే అక్షరాలున్న కొత్తది తెప్పించాను. వేసేటప్పుడు సూది భుజం పిస్టన్ అడుగు ముఖంతో సమంగా ఉండాలి. లోపలికి దిగినా, బయటికి పొడుచుకువచ్చినా మిక్చర్ మొత్తం మారుతుంది. పిస్టన్ ముఖం మీద ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి, గోరు ఆనిస్తే తెలుస్తుంది. కొత్త సూదిని అద్దం మీద దొర్లించి చూడండి, వంగి ఉంటే మొన తిరుగుతూ కనిపిస్తుంది.

మిక్చర్ సరిచేయడం

ఇది చివరి పని. చాలామంది మొదటే చేస్తారు, నేనూ అంతే.

జెట్ నట్టును పైకి తిప్పి, జెట్ వంతెనతో సమమయ్యాక అక్కడి నుంచి 12 పలకలు కిందకి తిప్పండి. నట్టుకు ఆరు పలకలు, అంటే రెండు పూర్తి చుట్లు. స్టార్ట్ చేయడానికి ఇది చాలు. ఓ పావుగంట నడిపి ఇంజినును బాగా వేడెక్కనివ్వండి. చోక్ పూర్తిగా లోపల ఉందని, దాని తీగలో కాస్త సడలు ఉందని చూడండి. తీగ బిగుతుగా ఉండి జెట్‌ను ఎప్పుడూ కొంచెం కిందకి లాగి ఉంచితే మీ లెక్కలన్నీ తప్పుతాయి.

నట్టును ఒక్కో పలకే తిప్పండి. కిందకి తిప్పితే పెట్రోలు ఎక్కువ, పైకి తిప్పితే తక్కువ. తిప్పిన ప్రతిసారీ ఒక్కసారి రేసు చేసి వదిలి, అర నిమిషం ఆగి వినండి. ఇంజిను అన్నిటికంటే వేగంగా, నున్నగా తిరిగే చోటు దొరుకుతుంది. అక్కడ పిస్టన్ ఎత్తే చిన్న పిన్నును కింది నుంచి నొక్కండి. మొదట కొంత ఖాళీ కదలిక ఉంటుంది, అది దాటాక పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు కంటే తక్కువే ఎత్తాలి. ఇంజిను వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువైంది. వెంటనే పడిపోయి ఆగబోతే తక్కువైంది. ఒక్క క్షణం కాస్త పెరిగి తిరిగి సర్దుకుంటే సరిపోయింది. పిన్ను ఎక్కువ ఎత్తితే ఏ ఇంజినైనా ఆగిపోతుంది, దాన్ని చూసి పెట్రోలు తక్కువైందనుకోకండి.

తరువాత రద్దీ లేని రోడ్డు మీద మూడు నాలుగు కిలోమీటర్లు నిలకడగా నడిపి, ఇగ్నిషన్ ఆపి, క్లచ్ నొక్కి పక్కకు తీసి, ప్లగ్గులు విప్పి చూడండి. మారీ బిస్కెట్ రంగు ఉంటే సంతోషం. పొడి నలుపు అయితే పెట్రోలు ఎక్కువ, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువ. నాలుగింటిలో ఒక్కటే నల్లగా, నూనెగా ఉంటే అది కార్బురేటర్ సంగతి కాదు, ఆ సిలిండర్ సంగతి.

ఇక సీసాలో కనిపించిన నల్ల రేణువులు. అవి పాత రబ్బరు గొట్టం లోపలి పొర. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. 1976లో మా బండిలో వేసిన రబ్బరు దానికోసం చేసింది కాదు. గొట్టాలు ఉబ్బి, మెత్తబడి, లోపల పొట్టు రాలుస్తాయి. ఆ పొట్టు ఫ్లోట్ వాల్వులో ఇరుక్కుంటే చాంబర్ పొంగుతుంది. కార్బురేటర్ కిట్ వేసేవారు ట్యాంకు నుంచి పంపు దాకా, పంపు నుంచి కార్బురేటర్ దాకా రబ్బరు అంతా ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చండి, పంపు డయాఫ్రమ్ సహా. జెట్ గొట్టం కొసన ఉన్న ఆ చిన్న గ్లాండును కూడా.

ఇంకొకటి, పాత పుస్తకాల్లో ఉండనిది. ఉట్టి పెట్రోలు ఒక పాలు కాలడానికి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు దాదాపు 9 పాళ్లే చాలు. అంటే ఇథనాల్ కలిసినప్పుడు అదే గాలికి కొంచెం ఎక్కువ ఇంధనం పోయాలి. పుస్తకంలో చెప్పినట్టు సరిచేసిన పాత కార్బురేటర్ ఈ పెట్రోలుతో కాస్త ఆకలితో నడుస్తుంది. నా బండికి పిన్ను పరీక్షలో సరిపోయాక ఇంకో పలక కిందకి తిప్పాల్సివచ్చింది. రోడ్డు మీద లాగుడు తేడా ఆ ఒక్క పలకతోనే తెలిసింది. నెల రోజులు బండి తీయనివారు ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి. ఈ పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఫ్లోట్ చాంబర్ అడుగున నీటి బొట్టు కనిపిస్తుంది.

అన్నీ అయ్యాక రెండు వందల కిలోమీటర్లు నడిపి, ఇంజిను చల్లారాక కార్బురేటర్ ఫ్లాంజి నట్లు మళ్లీ ఒకసారి బిగించండి. కొత్త ప్యాకింగ్ వేడికి నలిగి కూర్చుంటుంది, నట్లు వదులవుతాయి. నా నట్లు ఒక్కోటి పావు చుట్టు తిరిగాయి. అప్పుడే డ్యాంపర్ నూనె కూడా చూడండి, కొత్తగా కడిగిన డాష్‌పాట్‌లో అది మొదటిసారి కొంత తగ్గుతుంది.